ముప్పై నాలుగేళ్ళ కాళ్ళను నమ్మవచ్చా?

మైదానం: పాఠకుల ప్రశ్నలకు ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడి జవాబులు

ప్రశ్న: నమస్తే సార్. నేను మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో గుమాస్తాను. మా పెద్దబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి ఫుట్‌బాల్ అంటే వాడికి ప్రాణం. ఆదివారం రాత్రి మాకు పదిన్నర అయ్యేసరికి అక్కడ మధ్యాహ్నపు ఆట మొదలవుతుంది. వాడు ఫోను టీవీ వైపు తిప్పి నాకూ చూపిస్తాడు. వాళ్ళ జట్టులో కిక్ రిటర్నర్‌గా ఉన్న కుర్రవాడు ఈ మధ్య వరుసగా రెండు ఆటల్లో బంతి జారవిడిచాడట. ఇప్పుడు ఏ జట్టులోనూ లేని 34 ఏళ్ళ పాత ఆటగాణ్ణి తెచ్చుకోవాలని మావాడు అంటాడు. వయసు మీరినవాడు ఎందుకని వాడి స్నేహితులు అంటారు. "నాన్నా, నువ్వు ఊళ్ళో కబడ్డీ జట్టు నడిపినవాడివి కదా, నువ్వే తీర్పు చెప్పు" అన్నాడు. ఆ ఆట గురించి నాకేమీ తెలియదు. కొడుకు అడిగాడు కాబట్టి ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవాలని లేదు. ఏం చెప్పమంటారు?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తెచ్చుకోవచ్చని చెప్పండి. అయితే కుర్రవాణ్ణి పంపించివేసి కాదు, ఆ పాత ఆటగాడి పక్కనే ఉంచి. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో చెప్పాలంటే నేను రెండు సంక్రాంతులు గుర్తు చేసుకోవాలి. ఒకటి 2017లో అమెరికాలో, ఇంకొకటి 1996లో మక్తల్ దగ్గర ఒక ఊళ్ళో.

ముందు ఆట సంగతి. మనం ఫుట్‌బాల్ అని పిలిచే ఆటకూ దానికీ పేరులో తప్ప పెద్ద పోలిక లేదు. జట్టుకు పదకొండు మంది, మైదానం వంద గజాలు. ఆట మొదలయ్యేటప్పుడు, ఎవరైనా పాయింట్లు సాధించిన తరువాత, ఒక జట్టు బంతిని అవతలివారి వైపు బలంగా తన్నుతుంది. అది కిక్‌ఆఫ్. అవతల చివరన నిలబడి ఆ బంతిని పట్టుకుని, మీదికి వచ్చేవారిని తప్పించుకుంటూ వీలైనంత ముందుకు పరిగెత్తేవాడే కిక్ రిటర్నర్. పంట్ అని ఇంకో రకం తన్ను ఉంది. పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు అవకాశాలు ఇస్తారు. మూడు వృథా అయితే, నాలుగోసారి చాలా జట్లు బంతిని దూరంగా తన్ని ఎదుటివారికి అప్పగించేస్తాయి. అదే పంట్. కొన్ని జట్లలో రెండింటినీ పట్టేది ఒక్కడే.

మన కూతగాడు ఏడుగురి మధ్యకు ఒంటరిగా వెళ్తాడు. కానీ అతని కళ్ళు ఆ ఏడుగురి మీదే ఉంటాయి. రిటర్నర్ కళ్ళు ఆకాశంలో ఉంటాయి, మనుషులేమో నేలమీద పరుగున వస్తుంటారు. పంట్ అయితే చెయ్యి పైకెత్తి ఊపి, పట్టుకుంటాను గాని పరిగెత్తను అని ముందే సైగ చేయవచ్చు. అప్పుడు అతన్ని ఎవరూ తాకకూడదు. చెయ్యి ఎత్తాలా, పరిగెత్తాలా, అసలు బంతిని ముట్టుకోకుండా వదిలేయాలా అన్నది రెప్పపాటులో తేల్చుకోవాలి. ముట్టుకుని జారవిడిస్తే ఎదుటివారు దాని మీద పడి సొంతం చేసుకోవచ్చు. మీ అబ్బాయి జట్టు కుర్రవాడికి జరిగింది ఇలాంటిదే అయి ఉంటుంది.

ఇక మొదటి సంక్రాంతి. 2017 జనవరి 14న నేను అట్లాంటా దగ్గర మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. మా ఆవిడ నల్లగొండలో చేసి, డబ్బాలో సర్ది, విరగకుండా అంత దూరం మోసుకొచ్చిన సకినాలు పళ్ళెంలో ఉన్నాయి. సాయంత్రం నాలుగున్నర దాటాక టీవీలో అట్లాంటా ఫాల్కన్స్‌కూ సియాటిల్ సీహాక్స్‌కూ నాకౌట్ ఆట మొదలైంది. సియాటిల్ తరఫున వెనక నిలబడ్డ మనిషిని చూపించి మా అల్లుడు, "మామయ్యా, ఇతను మా అట్లాంటాలో ఆడి వెళ్ళినవాడే. ఇప్పుడు 34 ఏళ్ళు. ఆ కాళ్ళలో ఇంకేమీ లేదు" అన్నాడు.

ఆ మనిషి పేరు డెవిన్ హెస్టర్. అంతకు పదేళ్ళ ముందు, 2007 ఫిబ్రవరిలో, సూపర్ బౌల్‌లో, అంటే అక్కడి సీజన్ ఫైనల్లో, మొట్టమొదటి కిక్‌ఆఫ్‌నే పట్టుకుని 92 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేసినవాడు, అంటే బంతితో అవతలివారి గోలు గీత దాటినవాడు. అప్పుడు షికాగో బేర్స్ జట్టులో ఉండేవాడు. 2013 తరువాత షికాగో అతన్ని వదులుకుంది. 2014లో అట్లాంటా తీసుకుంది. ఆ ఏడే తన ఇరవయ్యో రిటర్న్ టచ్‌డౌన్ చేసి డియాన్ శాండర్స్ రికార్డు దాటాడు. షికాగో తొందరపడిందని అందరూ అనుకున్నారు. మరుసటి సంవత్సరం కాలి బొటనవేలి గాయంతో చాలా ఆటలకు దూరమయ్యాడు, 2016లో అట్లాంటా కూడా వదులుకుంది. బాల్టిమోర్ తీసుకుంది, ఆ డిసెంబరులో అదీ వదిలేసింది. సరిగ్గా అప్పుడే సియాటిల్ రిటర్నర్ టైలర్ లాకెట్‌కు కాలు విరిగింది. జనవరిలో హెస్టర్‌కు పిలుపు వచ్చింది.

ఒక్క మనిషి చరిత్రలోనే మీ అబ్బాయి వాదమూ ఉంది, స్నేహితుల వాదమూ ఉంది. పాతవాణ్ణి తీసుకుని బాగుపడ్డ సంవత్సరం 2014, నష్టపోయిన సంవత్సరం 2015. జట్టు ఒకటే, మనిషి ఒకడే. కాబట్టి వయసు అంకె చూసి తీర్పు చెప్పేవారి మాట నేను వినను.

ఆ సాయంత్రం నేను అతని వేగం కంటే అడుగులు ఎక్కువగా చూశాను. ముప్పై ఏళ్ళు పిల్లల కాళ్ళు చూసి బతికినవాణ్ణి కదా, కన్ను అక్కడికే పోతుంది. బంతి గాలిలో ఉండగానే రెండు మూడు చిన్న అడుగులతో దాని కిందికి సర్దుకునేవాడు. చేతుల్లో పడే క్షణానికి అతని ఒంటి బరువు అప్పటికే ముందుకు ఉండేది. కుర్రవాళ్ళు చాలామంది నిలబడి పట్టుకుంటారు, పట్టుకున్నాక దారి వెతుకుతారు. అక్కడే ఒక అర క్షణం పోతుంది. ఇతను దారి ముందే వెతికి పెట్టుకున్నాడు. ఆ ఒక్క ఆటలో కిక్‌ఆఫ్‌ల మీద మొత్తం 194 గజాలు పరిగెత్తాడు. మా అల్లుడు సకినం చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

అసలు చెప్పాల్సింది ఆట నాలుగు భాగాల్లో రెండోదానిలో జరిగింది. సియాటిల్ 10–7తో ముందుంది. అట్లాంటా పంట్ తన్నింది. హెస్టర్ పట్టుకుని 80 గజాలు పరిగెత్తి దాదాపు గోలు గీత దాకా వెళ్ళాడు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇంతలో పసుపు జెండా పడింది. సియాటిల్ ఆటగాడే ఒకడు ఎదుటివాణ్ణి నిబంధనకు విరుద్ధంగా పట్టుకున్నాడు. పరుగు చెల్లదన్నారు. బంతిని మళ్ళీ సియాటిల్ సొంత గోలు దగ్గరికి తెచ్చి పెట్టారు. కొద్దిసేపటికే వాళ్ళ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని ఆట నడిపించేవాడు, సొంత ఆటగాడి కాలు తగిలి గోలు ప్రాంతంలోనే పడిపోయాడు, అట్లాంటాకు రెండు పాయింట్లు వచ్చాయి. చివరకు అట్లాంటా 36–20తో గెలిచింది. హెస్టర్‌కు అదే చివరి ఆట.

మీ అబ్బాయిని అడగమని నేను చెప్పే మొదటి ప్రశ్న అందుకే ఆ 34 ఏళ్ళవాడి గురించి కాదు. అతని ముందు నిలబడి దారి చేసే సొంత జట్టు తొమ్మిది, పది మంది ఎలాంటివారు? వాళ్ళ జట్టు ఈ సంవత్సరం రిటర్న్‌ల మీద ఎన్నిసార్లు పసుపు జెండా తెచ్చుకుంది? వాళ్ళు సరిగా లేకపోతే ఎంతటివాణ్ణి తెచ్చినా, ఆ పరుగులు హెస్టర్ 80 గజాల్లాగే పోతాయి.

ఇప్పుడు రెండో సంక్రాంతి. 1996. మక్తల్ దగ్గర ఒక ఊరి ఉన్నత పాఠశాలలో పనిచేసేవాణ్ణి. బడి వదిలాక ఊరి యువకుల కబడ్డీ జట్టును చూసుకునేవాణ్ణి. మాకు 19 ఏళ్ళ కూతగాడు ఒకడు ఉండేవాడు. చీలమండ మీద చెయ్యి పడినా చేపలా జారిపోయేవాడు. పండుగకు ముందు రెండు ఆటల్లో వరుసగా దొరికిపోయాడు. ఒకసారి గీతకు జానెడు దూరంలో దొరికాడు. జట్టులో గొణుగుడు మొదలైంది. పొరుగూళ్ళో 36 ఏళ్ళ మనిషి ఒకాయన ఉండేవాడు. చెరువు కట్టల పనికి, ప్రాజెక్టుల మట్టి పనికి రాష్ట్రాలు తిరిగి వచ్చినవాడు. నేనే సైకిలు మీద వెళ్ళి ఆయనను ఒప్పించి తెచ్చాను.

ఫైనల్లో చివరి కూత మాది. ఒక్క పాయింటు ముందున్నాం. ఆయన వెళ్ళి, దాటవలసిన గీత ఒక్కసారి దాటి, ఎవరినీ తాకే ప్రయత్నం చేయకుండా, కూత తెగకుండా, ఊపిరి ఇంకా మిగిలి ఉండగానే వెనక్కి నడిచి వచ్చేశాడు. కుర్రవాడైతే ఇంకో పాయింటు కోసం లోపలికి పోయేవాడు. మేము గెలిచాం. కప్పు గ్రామపంచాయతీ బీరువా మీద పెట్టారు.

ఆ పిల్లవాడు ఆటంతా గీత బయట కూర్చున్నాడు. ఒక్కసారి కూడా నేను వాడి దగ్గరికి వెళ్ళి, "ఆయన ఎక్కడ ఆగుతున్నాడో చూడు, ఎప్పుడు తిరుగుతున్నాడో చూడు" అని చెప్పలేదు. పండుగ వెళ్ళాక వాడు ముంబయి బస్సు ఎక్కాడు. పాలమూరు నుంచి ఆ బస్సు ఎక్కినవాళ్ళు ఎందరో. ఇంట్లో అప్పులు ఉండి ఉంటాయి, నావల్లే వెళ్ళాడని అనను. కానీ వాడు మళ్ళీ కబడ్డీ ఆడలేదు. పెద్దాయనకు మరుసటి సంక్రాంతికి మోకాలు పట్టేసింది, రాలేకపోయాడు. ఆ ఏడు కూతకు పంపడానికి మా దగ్గర ఎవరూ లేరు. ఇన్నేళ్ళలో నేను చేసిన తప్పుల్లో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

అందుకే కుర్రవాణ్ణి పక్కనే ఉంచమన్నాను. అక్కడ దానికి వీలు కూడా ఉంది. జట్టులో 53 మంది ఉంటారు, ఆట రోజున 48 మందికి మించి దిగనివ్వరు. వీరు కాక సాధన బృందం అని ఇంకో 16 మంది ఉంటారు. ఇప్పుడు అనుభవజ్ఞులనూ అందులో చేర్చుకోవచ్చు. సాధన బృందంలో ఉన్నవాణ్ణి ఒక సీజన్‌లో మూడు ఆటలకు పైకి పిలుచుకోవచ్చు. నేనే ఆ శిక్షకుణ్ణయితే పెద్దాయనను ముందు అక్కడికి తెస్తాను. వారం రోజులు ఇద్దరిచేతా కలిపి బంతులు పట్టిస్తాను. కుర్రవాడు జారవిడవడానికి కారణం చేతులా, భయమా అన్నది అప్పుడు తెలుస్తుంది. చేతుల లోపమైతే సాధనతో పోతుంది. భయమైతే ఆ పని నలుగురి ముందు వందలసార్లు చేసినవాడు పక్కన ఉండటమే మందు.

ఇంకో విషయం మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి, స్నేహితులతో వాదనలో పనికొస్తుంది. ఆ కిక్‌ఆఫ్ ఇప్పుడు పాత కిక్‌ఆఫ్ కాదు. ఎదురెదురుగా అంత దూరం పరిగెత్తి ఢీకొనడం వల్ల గాయాలు ఎక్కువవుతున్నాయని నిబంధనలు మారుస్తూ వచ్చారు. 2011లో తన్నే చోటును ఐదు గజాలు ముందుకు జరిపారు. దాంతో చాలా బంతులు గోలు గీత దాటి వెళ్ళిపోయేవి, రిటర్నర్ ఊరికే నిలబడేవాడు. 2024 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో ఒక్క కిక్‌ఆఫ్ మీద కూడా ఎవరూ పరుగు తీయలేదు. అదే సంవత్సరం కొత్త పద్ధతి తెచ్చారు. తన్నేవాడు వెనకే ఉంటాడు, అతని జట్టులోని మిగతా పదిమంది అవతలివారి 40 గజాల గీత మీద, అంటే వాళ్ళ గోలు గీతకు 40 గజాల దూరంలో, నిలబడతారు. రిటర్నర్‌కు దారి చేసేవారు వాళ్ళకు ఐదు గజాల దూరం నుంచే నిలబడి ఉంటారు. బంతి నేలను గాని రిటర్నర్‌ను గాని తాకేదాకా ఈ రెండు వరుసలూ కదలకూడదు. 2025లో ఇంకో మార్పు చేశారు. తన్నిన బంతి నేరుగా గోలు గీత దాటిపోతే అవతలివారికి 35 గజాల గీత దగ్గర బంతి ఇస్తున్నారు. అంత నష్టం ఎందుకని ఇప్పుడు జట్లు బంతిని లోపలే పడేట్టు తన్నుతున్నాయి. రిటర్నర్‌కు మళ్ళీ పని దొరికింది.

ఇది మన కబడ్డీకి దగ్గరగా వచ్చింది. మనుషులు ముందే నిలబడి ఉన్నారు, సందులు కనిపిస్తూనే ఉన్నాయి. ఏ సందులోకి దూరాలో ఒక్కసారి తేల్చుకుని, ఒక్క మలుపు తిరిగి, నేరుగా పోవాలి. పాత పద్ధతిలో కావలసిన సుదీర్ఘమైన వేగం కంటే ఇందులో చూపుకు విలువ ఎక్కువని నా అభిప్రాయం. ఆ నిబంధన వచ్చిన రోజుల్లోనే పిట్స్‌బర్గ్ జట్టు 33 ఏళ్ళ కార్డరెల్ ప్యాటర్సన్‌ను తెచ్చుకుంది. కిక్‌ఆఫ్ పట్టుకుని తొమ్మిది టచ్‌డౌన్‌లు చేసిన రికార్డు ఆయనది. తొమ్మిదోది 2022లో, 103 గజాల పరుగుతో, 31 ఏళ్ళ వయసులో చేశాడు. ఆయనకు ఇంకో అనుకూలత ఉంది. బంతి తీసుకుని మామూలు ఆటలోనూ పరిగెత్తగలడు. మీవాళ్ళ 34 ఏళ్ళ మనిషికి రిటర్న్ తప్ప వేరే పని రాకపోతే, 48 మందిలో ఒక చోటు అతనికే ఖర్చు చేయడం బరువవుతుంది. అప్పుడు రెండు మూడు కీలకమైన ఆటలకే పిలవమనండి.

మీరు మీ అబ్బాయితో మాట్లాడేటప్పుడు మీ కబడ్డీ రోజుల్లో ఇలాంటి పెద్దవాడెవరైనా ఉంటే ఆయన గురించి కూడా చెప్పండి. ఫోను ఆ రాత్రికి కాస్త ఎక్కువసేపు సాగనివ్వండి.

ప్రశ్న: సార్, నాకు 37 ఏళ్ళు. పదేళ్ళ క్రితం దాకా ఊరి జట్టులో కూతకు వెళ్ళేవాణ్ణి. ఈ సంక్రాంతికి కుర్రవాళ్ళు మళ్ళీ రమ్మని అడుగుతున్నారు. ఇంట్లో వద్దంటున్నారు. వెళ్ళనా?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: పై జవాబు చదివారు కదా, నేను వెళ్ళమనే అంటాను. కానీ ఆట మొదటి నుంచి దిగవద్దు. చివరి ఐదారు నిమిషాలు మీవి. అప్పుడు మీ జట్టు ముందుంటే ఒక్కో కూతకు దొరికే 30 సెకన్లూ ఖర్చు చేసి ఖాళీగా తిరిగి రావడం మీ పని. ఆ ఓపిక కుర్రవాళ్ళకు ఉండదు. మీ జట్టు వెనకబడి ఉంటే మీరు వెళ్ళవద్దు, దూకుడు ఉన్నవాణ్ణి పంపి, ఎవరిని తాకితే తేలికో గీత బయటి నుంచి చెప్పండి.

అనూప్ కుమార్‌ను చూడండి. 2016లో అహ్మదాబాద్‌లో ప్రపంచ కప్ ఫైనల్లో ఇరాన్‌ను 38–29తో ఓడించిన భారత జట్టుకు నాయకుడు. 2018లో జైపూర్ తరఫున ఆడుతూ, సీజన్ మధ్యలోనే ఆట చాలించాడు. మరుసటి సంవత్సరం పుణే జట్టుకు శిక్షకుడయ్యాడు. అంత పేరున్నవాడు ఎప్పుడు దిగాలో, ఎప్పుడు బయట కూర్చోవాలో తానే తేల్చుకున్నాడు.

ఇంట్లోవారి భయం న్యాయమైనదే. సంక్రాంతికి కనీసం ఆరు వారాల ముందే మొదలుపెట్టండి. మొదటి రెండు వారాలు నడక, మెల్లని పరుగు, గుంజీలు. తరువాతే పక్కకు గెంతడం. గట్టి నేల మీద ఆడాల్సి వస్తే ఎర్రమట్టి తవ్వించి, రాళ్ళు ఏరించి, నీళ్ళు చల్లించమని నిర్వాహకులను అడగండి. మోకాలు వాచినట్టు అనిపిస్తే ఆ రోజే ఆపేయండి, ఆటకు వెళ్ళవద్దు.

ప్రశ్న: మాది అచ్చంపేట. కాలేజీ క్రికెట్ జట్టులో బౌండరీ దగ్గర నిలబడతాను. పైకి లేచిన క్యాచ్‌లు వదిలేస్తున్నాను. నేలమీద వచ్చే బంతులు ఒక్కటీ తప్పిపోవు. ఎందుకిలా?
– ఇంటర్ విద్యార్థి

జవాబు: తమ్ముడూ, నువ్వు బంతి కిందికి ఆలస్యంగా చేరుతున్నావు. పరిగెడుతూ చూస్తే కన్ను ఊగుతుంది, బంతి కూడా ఊగుతున్నట్టు కనిపిస్తుంది. ముందు వేగంగా వెళ్ళు, చివరి రెండు మూడు అడుగులు చిన్నవిగా వేసి తల కదలకుండా ఆగు, ఆ తరువాత చేతులు పైకి తే. చేతులు ముందే చాచుకుని పరిగెత్తవద్దు, వేగం పోతుంది.

పొద్దున్నే ఒక స్నేహితుణ్ణి తీసుకుని మైదానానికి వెళ్ళు. టెన్నిస్ బంతిని బ్యాటుతో వీలైనంత ఎత్తుకు కొట్టించు. మొదటి వారం పట్టుకోనే వద్దు. చేతులు వెనక కట్టుకుని, బంతి నీ ఛాతీ ముందు అడుగు దూరంలో పడేట్టు నిలబడు, అంతే. ఇరవైలో పదిహేను అలా పడినప్పుడు చేతులు విప్పు. ఎండ కళ్ళలోకి వచ్చే వైపు నిలబడి కూడా చెయ్యి, ఎందుకంటే సాయంత్రం ఆటలో నిన్ను అక్కడే నిలబెడతారు.